పసివాడి స్వెట్టరుకు పట్టిన వాసన

పసిపిల్లల బట్టలు కుట్టే యూనిట్లలో చెకింగ్ పనికి కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. "మాస్టారూ, ముఖ్యంగా ఏం చూడాలండీ?" అని అడుగుతారు. గుండీ ఊడుతుందా, కుట్టు తిన్నగా ఉందా అన్నవి చూడటం వారం రోజుల్లో ఎవరికైనా వస్తుంది. దానికి నేను అక్కర్లేదు. నాకు జీతం ఎప్పుడు పెరిగింది, కుర్చీ ఎప్పుడు మారింది అన్నవి తెలుసుకుని వాళ్ళు బాగుపడేదీ లేదు. నేను చేసిన ఒక తప్పు మాత్రం వాళ్ళకి పనికొస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు మా కుటుంబం గురించి నాలుగు మాటలు చెప్పాలి. తప్పు అక్కడినుంచే మొదలైంది. కలిదిండి వైపు మా తాతగారికి చూపు ఆనినంత మేర భూమి ఉండేది. కొంత కోర్టుల్లో పోయింది, కొంత కొల్లేటి ముంపులో పోయింది, మిగిలింది మా పెదనాన్నలు అమ్ముకున్నారు. ఇప్పుడు అక్కడ చేపల చెరువులు. గట్టు మీద నిలబడి ఇదంతా మాదే అని చెప్పుకునే అలవాటు నాకు లేదు. కానీ ఎవరి దగ్గరా తల వంచకూడదని మా నాన్నగారు నేర్పారు. ఆస్తి పోయినా ఆ పాఠం నాకు మిగిలింది. తాడేపల్లిగూడెంలో (మేం గూడెం అంటాం) పసిపిల్లల బట్టలు కుట్టే చిన్న యూనిట్లో నేను పనికి చేరినప్పుడు మా బంధువుల్లో కొందరు ముఖం తిప్పుకున్నారు. నేను తిప్పుకోలేదు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని రోజూ తొమ్మిది కొట్టేసరికి బల్ల దగ్గర నిలబడేవాణ్ణి. కూర్చుని చెకింగ్ చేస్తే కన్ను బద్ధకిస్తుందని నా నమ్మకం.

లోపలి వైపు

పెద్దవాళ్ళ బట్టకి పైవైపు ముఖ్యం, పసివాళ్ళ బట్టకి లోపలి వైపు ముఖ్యం. మా పని అంతా ఈ ఒక్క మాటలో ఉంది.

నేను చేరిన రెండో ఏడు ఒక తండ్రి నెలల బిడ్డని ఎత్తుకుని నేరుగా యూనిట్‌కే వచ్చాడు. బిడ్డ కాలి బొటనవేలు నేరేడుపండులా నల్లగా కమిలి ఉంది. మేం కుట్టిన మేజోడు లోపల తెంపకుండా వదిలేసిన దారం వేలికి చుట్టుకుపోయింది. బిడ్డ రాత్రంతా ఏడిస్తే కడుపునొప్పి అనుకుని వాము నీళ్ళు పట్టారట. పొద్దున మేజోడు తీశాక గానీ సంగతి తెలియలేదు. వేలు దక్కింది. ఆ తండ్రి నన్ను తిట్టలేదు. మేజోడు తిరగేసి నా బల్ల మీద పెట్టి, "ఇటు కూడా చూడండి బాబూ" అని వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి ప్రతి బట్టనీ తిరగేసి చూసేవాణ్ణి. మేజోడులో, చేతి తొడుగులో నా చిటికెన వేలు పెట్టి తిప్పేవాణ్ణి. దారం తగిలితే పక్కన పడేసేవాణ్ణి. టోపీకి మెడ కింద కట్టే బొందులు పొడుగ్గా ఉంటే ఊయల తాడుకి చిక్కుకుని బిగుసుకుంటాయి. అందుకని బొందు తీసేయించి రెండు చిన్న టిచ్ బటన్లు వేయించాను. ఆ టిచ్ బటన్ కూడా ఒక్కోటి బలంగా లాగి చూడాలి. ఊడిందంటే అది వెళ్ళేది నోట్లోకే. టోపీ మీద కుచ్చు బరువుగా ఉంటే బిడ్డ పక్కకి తిరిగినప్పుడు టోపీ జారి ముక్కు మీదికి వస్తుంది. అన్నప్రాశన గౌనులకి జరీ కావాలని అడుగుతారు. జరీ వెనకాల మెత్తటి గుడ్డ వేయకపోతే తెల్లారేసరికి బిడ్డ ఛాతీ గీరుకుపోయి ఉంటుంది.

ఇవన్నీ కంటికి కనిపించేవి, చేతికి తగిలేవి. ఇవి పట్టుకోవడంలో నాకు మంచి పేరు వచ్చింది. ఆ పేరు చూసుకుని, నా కన్ను దాటి ప్రమాదం ఏదీ బయటికి పోదనుకున్నాను.

యజమాని

యూనిట్ యజమాని సూర్యనారాయణగారు. చిన్నప్పుడు సైకిల్ మీద దారపు ఉండలు, గుండీలు పెట్టుకుని ఊరూరా అమ్మిన మనిషి. చదువు తక్కువ. అంత చిన్న స్థితి నుంచి వచ్చిన మనిషి కింద నేను పని చేస్తున్నానన్న బాధ మొదటి రోజుల్లో నాకు ఉండేది. దాచుకోవడం దేనికి? ఆయన అది గమనించాడు కూడా. ఒకసారి నవ్వుతూ అన్నాడు: "మాస్టారూ, మీరు నాకు నమస్కారం పెట్టక్కర్లేదండీ. మీరు పాస్ చేసిన జుబ్బాకి నేనే రోజూ దండం పెట్టుకుంటున్నాను."

గొంతు ఎత్తి మాట్లాడటం ఆయనలో నేనెన్నడూ చూడలేదు. సరుకు వెనక్కి వస్తే ముందు బాగుచేయడానికి ఏముందో చూసేవాడు, ఎవరి తప్పు అన్నది తర్వాత. నేను పెద్దింటివాళ్ళను చాలామందిని చూశాను. ఈ గుణం వాళ్ళలో అరుదు.

కలరా ఉండలు

మా దగ్గర చలికాలానికి ఉన్ని సెట్లు కుట్టేవాళ్ళు. స్వెట్టరు, టోపీ, మేజోళ్ళు కలిపి ఒక సెట్టు. మిగిలిన సెట్లను మళ్ళీ చలికాలం దాకా అట్టపెట్టెల్లో దాచేవాళ్ళం. వానాకాలం చెమ్మకి ఒక ఏడు పురుగు పట్టి ఉన్ని చిల్లులు పడింది. ఏం చేద్దామని సూర్యనారాయణగారు అడిగితే, "వేపాకు ఎండబెట్టి వేద్దామండీ" అన్నారు మిషను మీద పనిచేసే ఆడవాళ్ళు.

నేను ఒప్పుకోలేదు. మా ఇంట్లో పట్టుబట్టలు, శాలువలు భోషాణంలో ఉండేవి. కొల్లేటి గాలి ఎంత తేమగా ఉన్నా వాటికి పురుగు అంటలేదు. కారణం, మడత మడతకీ తెల్లటి కలరా ఉండలు. నాఫ్తలీన్ అంటారే, అవే. భోషాణం మూత తీయగానే ఘాటుగా వచ్చే ఆ వాసన నాకు మా ఇంటి వాసన. పెళ్ళిళ్ళకి మా నాయనమ్మ చీర తీస్తే ఆ వాసన బట్టే ఇది పెద్దింటి బట్ట అని తెలిసేది. "బట్ట దాచడం మీకు నేను నేర్పుతాను" అన్నాను. ఆ పెట్టెల్లో ఉండలు నా చేత్తో నేనే వేశాను. కావలసినదానికంటే ఎక్కువే వేశాను.

మీరాబీ అని, బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను మీద పనిచేసేది. వాళ్ళది ఏలూరులో తరతరాలుగా కుట్టుపని చేసే కుటుంబం. పెళ్ళై గూడెం వచ్చింది. ముగ్గురు పిల్లల తల్లి. ఆమె ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గరికొచ్చింది.

"మాస్టారూ, ఒక మాటండీ. మా అమ్మ పసిపిల్లల గుడ్డల్లో ఇవి పెట్టనిచ్చేది కాదండీ. పురుగే చచ్చిపోయే వాసన కదా, పసోళ్ళకి మంచిదంటారా?"

నేను పనివాళ్ళందరూ వినేలా అన్నాను: "మీ ఇళ్ళల్లో దాచుకునే బట్టలుంటేగా, ఉండల సంగతి తెలియడానికి."

ఒకరిద్దరు నవ్వారు. మీరాబీ నవ్వలేదు, ఏడవలేదు. "సరేనండీ" అని మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. ఇరవయ్యేళ్ళు కావస్తోంది. ఆ మాట అన్నప్పుడు నేను ఎక్కడ నిలబడ్డానో ఇప్పటికీ చూపించగలను.

కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళకి ఇక్కడ ఒక మాట చెబుతాను. మీకంటే కింద ఉన్న మనిషి మీ దగ్గరికి వచ్చి ఒక మాట చెప్పడానికి చాలా ధైర్యం కూడగట్టుకుని వస్తుంది. ఆమె చెప్పింది తప్పయినా సరే, పూర్తిగా వినాలి. ఒక్కసారి నోరు మూయిస్తే రెండోసారి రాదు. మీరాబీ కూడా ఆ తర్వాత ఏడాది పాటు నాకు ఏదీ చెప్పలేదు.

బారసాల

మరుసటి చలికాలం సూర్యనారాయణగారి అమ్మాయికి పుట్టింట్లో మగపిల్లాడు పుట్టాడు. ఇరవై ఒకటో రోజు బారసాలకి నన్ను పిలిచారు. ఉత్తచేతులతో వెళ్ళడం మా ఇంటా వంటా లేదు. కిందటేడు దాచిన పెట్టెలు అప్పుడే తెరిచాం. అన్నిటిలో కలిపి ఒక డజను సెట్లు నిగనిగలాడుతూ ఉన్నాయి, ఒక్కదానికీ పురుగు చిల్లు లేదు. పది గూడెంలోనే టోకు కొట్టుకి వెళ్ళాయి. ఒకటి ద్వారకా తిరుమల కొండ కింద ఒక కొట్టువాడు నమూనాకి పట్టుకెళ్ళాడు. పన్నెండోది, లేత నీలంది, ధర చెల్లించి నేను తీసుకున్నాను.

మా వైపు పురుడు వెళ్ళేదాకా బిడ్డకి పాతబట్టే కడతారు, తాతగారి మెత్తటి పంచె ముక్కో, అమ్మమ్మ పాతచీర ముక్కో. బారసాల నాడే మొదటిసారి కొత్తబట్ట. ఆ కొత్తబట్టని ఉతకరు. ఉతికితే అది పాతదైపోయినట్టే. మూలకి పసుపు బొట్టు పెట్టి తొడుగుతారు. ఆ రోజూ అంతే జరిగింది. బిడ్డకి ఒళ్ళంతా నువ్వులనూనె మర్దనా చేసి, స్నానం చేయించి, మళ్ళీ ఒంటికి కాస్త నూనె రాసి, పసుపు పెట్టి నా స్వెట్టరు తొడిగారు.

బాలింతరాలు ముక్కు చిట్లించి, "అమ్మా, ఏదో ఘాటుగా ఉందే" అంది.

"కొత్తబట్ట వాసనే పిల్లా" అన్నారు వాళ్ళమ్మగారు.

నేను పక్కనే ఉన్నాను. "దాచిన బట్టకి ఆ వాసన ఉండాలమ్మా. లేకపోతేనే అనుమానించాలి" అన్నాను. అందరూ నా మాటకి తలూపారు. పసిబట్టల మాస్టారు చెప్పాక ఇంకేముంది? చలి కదా అని ఆ స్వెట్టరు మూడు రోజులు బిడ్డ ఒంటి మీదే ఉంచారు.

డాక్టరమ్మ ప్రశ్న

నాలుగో రోజు బిడ్డ పాలు తాగడం మానేశాడు. కళ్ళు పసుపురంగుకు తిరిగాయి. పొత్తిలిగుడ్డ మీద మూత్రం కాఫీ డికాషన్ రంగులో ఉంది. పుట్టినప్పుడు వచ్చే కామెర్లు పదిరోజుల్లో పోతాయిగానీ, ఇన్నాళ్ళకి వస్తాయా అని భయపడి కార్లో ఏలూరు తీసుకెళ్ళారు. నేనూ వెనకే బస్సులో వెళ్ళాను.

ఆస్పత్రిలో పిల్లల డాక్టరమ్మ బిడ్డని చేతుల్లోకి తీసుకోగానే ఆగిపోయారు. వంగి స్వెట్టరు వాసన చూశారు.

"ఇదేం వాసనమ్మా?"

"కొత్తబట్టండీ" అన్నారు అమ్మమ్మగారు.

"కొత్తబట్టకి ఈ వాసన రాదు. కలరా ఉండలు పెట్టారా ఇందులో?"

"లేదండీ, కొట్లోంచి వచ్చిందే. మేం ఏమీ పెట్టలేదండీ" అన్నారావిడ, నిజమే అనుకుని.

ఆ క్షణంలో నేను నోరెత్తకపోతే ఎవరికీ తెలియదు. ఏదో కొట్టువాడు పెట్టి ఉంటాడు అనుకునేవాళ్ళు. ఆ ఆలోచన నాకు వచ్చింది. రాలేదని రాస్తే అది అబద్ధం.

"నేనేనండీ పెట్టింది. ఏడాది పాటు పెట్టెలో పెట్టాను" అన్నాను.

డాక్టరమ్మ ముందు స్వెట్టరు తీయించి దూరంగా పెట్టించారు. నర్సు చేత బిడ్డ ఒళ్ళంతా సబ్బుతో తుడిపించారు. తర్వాత నాతో అన్నారు: "కొంతమంది పిల్లలకి, ముఖ్యంగా మగపిల్లలకి, రక్తంలో పుట్టుకతోనే ఒక లోపం ఉంటుందండీ. పైకేమీ తెలియదు. ఈ నాఫ్తలీన్ ఆవిరి పీల్చినా, చర్మంలోంచి లోపలికి పోయినా వాళ్ళ రక్తకణాలు చితికిపోతాయి. ఒంటికి నూనె రాశారన్నారుగా. ఆ నూనె దాన్ని ఇంకా తొందరగా లోపలికి లాగుతుంది. రక్తం ఎక్కించాలి. ఈ లోపం ఉన్న బిడ్డ ఎవరో ముందుగా తెలియదు కాబట్టి, ఏ బిడ్డ గుడ్డల్లోనూ ఇవి పెట్టకూడదు. ఇలాంటి స్వెట్టర్లు ఇంకా ఉన్నాయా?"

ఆ ప్రశ్న వినేదాకా నేను ఈ ఒక్క బిడ్డ గురించే ఆలోచిస్తున్నాను.

వరండాలో సూర్యనారాయణగారు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఆయన మనవడికి రక్తం ఎక్కిస్తున్నారు. నేను ఎదురుగా నిలబడ్డాను. ఎన్ని తిట్టినా వినడానికి సిద్ధపడే నిలబడ్డాను. ఆయన అన్నాడు:

"ఉండలు వేసింది మీరు. సరుకు బయటికి పంపమన్నది నేను. మనిద్దరం ఇక్కడ కూర్చుని చేసేదేం లేదు మాస్టారూ. మిగతావి ఎక్కడున్నాయో చూడండి. నా మనవడి దగ్గర డాక్టరున్నారు. ఆ పిల్లల దగ్గర ఎవరూ లేరు."

నేను ఎందరి దగ్గరో పని చేశాను. బాస్ అంటే నాకు ఆ వరండాలో కూర్చున్న మనిషే గుర్తుకొస్తాడు.

పదకొండోది

గూడెం వచ్చి ముందు మీరాబీ మిషను దగ్గరికి వెళ్ళాను. పనివాళ్ళందరూ ఉన్నప్పుడే అన్నాను: "మీరాబీ, కిందటేడు నువ్వు చెప్పింది నిజం. నేను నిన్ను అన్న మాట తప్పు. బాబు ఆస్పత్రిలో ఉన్నాడు."

ఆమె మిషను ఆపింది. "అయ్యో" అంది. వెంటనే, "ఎన్ని బయటికెళ్ళాయండీ?" అని అడిగింది. క్షమించానని గానీ లేదని గానీ అనలేదు. అప్పుడు కావలసింది ఆ ప్రశ్నే.

టోకు కొట్టులో పదీ కట్ట విప్పకుండానే ఉన్నాయి. నా అదృష్టం. వెనక్కి తెప్పించి ముక్కలు చేయించాం. మిగిలింది ద్వారకా తిరుమల సెట్టు. మరునాడు తెల్లారే బస్సెక్కి వెళ్ళాను. కొండ కింద కొట్టువాడు నన్ను చూసి సంబరపడ్డాడు.

"అదేంటండీ, అడక్కుండానే వచ్చారు! నమూనా ఒక్కరోజు కూడా ఆగలేదండీ. ఇంకో రెండు డజన్లు పంపించండి."

"ఎవరు కొన్నారు?"

"ట్రాక్టర్ డ్రైవరండీ. పెదవేగిలో పామాయిల్ గెలల లోడు దింపి, ఏదో పని మీద ఇటొచ్చాడు. మగపిల్లాడు పుట్టాడని ఒకటే మురిసిపోయాడు. పేరు... యేసురత్నం అనుకుంటానండీ. ఎందుకండీ, ఏమైనా డిఫెక్టా?"

"అవును."

మగపిల్లాడు. ఆ మాట పట్టుకుని పెదవేగి వెళ్ళాను. పామాయిల్ తోటల మధ్య దారిలో ఆగిన ప్రతి ట్రాక్టర్ దగ్గరా అడిగాను. ఈ లోపు ఆ బిడ్డ కళ్ళు ఏ రంగులో ఉన్నాయో అన్నదే నా మనసులో ఉంది. నలుగురిని అడిగాక ఒకతను ఇల్లు చూపించాడు. రేకుల ఇల్లు, ముందు చిన్న అరుగు. డ్రైవర్ పనికి వెళ్ళాడు. అతని తల్లి సువార్తమ్మ అరుగు మీద చేటలో పామాయిల్ గెలల నుంచి రాలిన గింజలు ఏరుతోంది. కోడలు దీనమ్మ బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అమ్మా, మీ అబ్బాయి ద్వారకా తిరుమలలో ఒక స్వెట్టరు కొన్నాడా?"

"కొన్నాడండీ. ఏం?" అంది సువార్తమ్మ.

"బిడ్డకి తొడిగారా?"

"లేదండీ" అంది దీనమ్మ. "ఆదివారం గుళ్ళో బాప్తిస్మం. అప్పుడు వేద్దామని పెట్టెలో దాచాను."

అరుగుకి ఇంకా దగ్గరగా వెళ్ళాను. "ఏ పెట్టెలో?"

"బాబు గుడ్డల పెట్టెలోనేనండీ. మీరెవరండీ అసలు?"

బిడ్డ గుడ్డలన్నీ ఆ వాసనలోనే ఉన్నాయన్నమాట. "అది కుట్టించిన యూనిట్ నుంచి వచ్చానమ్మా. అది తిరిగి ఇచ్చేయండి. వేరేది తెచ్చిస్తాను" అన్నాను.

సువార్తమ్మ చేటలోంచి తల ఎత్తింది. "పిల్లాడు పుట్టాడని మావోడు ముచ్చటపడి కొన్నాడండీ. అమ్మిన గుడ్డ ఎనక్కి పట్టుకుపోయే షావుకార్లని ఇప్పుడే చూస్తన్నాను." ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. ఒకామె, "ఇంకెవరో ఎక్కువ ధర ఇచ్చుంటారులేవే" అంది. అందరూ నవ్వారు.

మా నాన్నగారు ఉంటే అక్కణ్ణుంచి వెనుదిరిగి వచ్చేసేవారు. నేనూ అప్పటిదాకా అలాంటి మాట పడి ఎక్కడా నిలబడినవాణ్ణి కాదు. "బట్టలో లోపం ఉంది" అని ముక్తసరిగా అంటే సరిపోతుందని ముందు అనుకున్నాను. కానీ పెట్టెలోని గుడ్డలన్నీ బయటికి రావాలంటే వాళ్ళు నన్ను నమ్మాలి. నమ్మాలంటే నిజం మొత్తం చెప్పాలి.

"తప్పు నాది" అన్నాను. "పురుగు పట్టకుండా ఇందులో కలరా ఉండలు వేశాను. వద్దని ఒకామె చెప్పింది, వినలేదు. ఇలాంటి స్వెట్టరే తొడిగిన ఒక పసివాడు ఏలూరు ఆస్పత్రిలో ఉన్నాడు. వాడికి రక్తం ఎక్కిస్తున్నారు. మీ బిడ్డకి అలా కాకూడదని వచ్చాను."

నవ్వులు ఆగిపోయాయి. దీనమ్మ బిడ్డని గుండెకి హత్తుకుంది. సువార్తమ్మ చేట పక్కన పెట్టి లోపలికి వెళ్ళి ఆ రేకుపెట్టె ఎత్తుకుని వచ్చి ఎండలో మూత తీసింది. ఘాటు గాలి ముఖానికి కొట్టింది. మా భోషాణం వాసనే. నాకు మొదటిసారి అది రోత పుట్టించింది.

"ఈ వాసనే... పెట్టె తీసినప్పుడల్లా నాకు తల దిమ్ముగా ఉండేదత్తా" అంది దీనమ్మ మెల్లగా.

"బిడ్డ కళ్ళు ఒకసారి ఎండలో చూడనిస్తారా అమ్మా?" అని అడిగాను. దీనమ్మ బిడ్డని వెలుగులోకి తిప్పింది. కళ్ళు తెల్లగా ఉన్నాయి. మూత్రం రంగు అడిగాను, మామూలుగానే ఉందంది. ఏ మార్పు కనిపించినా ఆగకుండా ఏలూరు తీసుకెళ్ళమని, డాక్టరమ్మతో ఈ వాసన సంగతి ముందు చెప్పమని చెప్పాను. పెట్టెలోని గుడ్డలన్నీ సబ్బుతో ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో వెయ్యమన్నాను. పెట్టెని కడిగి బోర్లించమన్నాను. నేను మాట్లాడుతుంటేనే సువార్తమ్మ బకెట్లో నీళ్ళు పోసింది.

"ఆదివారానికి?" అంది దీనమ్మ.

"ఆదివారం ఉదయానికి కొత్తది తెస్తాను."

ఆదివారం

చేరిన కొత్తలో కుట్టు నేర్చుకున్నాను గానీ, చాలా ఏళ్ళుగా నేను మిషను తొక్కలేదు. చెకింగ్ చేసేవాడు కుట్టకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. ఆ సెట్టు మాత్రం నేనే కత్తిరించి, నేనే కుట్టాను. ఉన్ని వద్దనుకుని మెత్తటి తెల్ల నూలు గుడ్డ రెండు పొరలు వేశాను. బొందులు లేవు, బటన్లు లేవు, ముందు వైపు ఒకదాని మీదికి ఒకటి మడిచే జుబ్బా. మీరాబీ లోపలి కుట్లు చూసి రెండు చోట్ల విప్పించింది. విప్పి మళ్ళీ వేశాను. రెండుసార్లు ఉతికి డాబా మీద ఎండేశాను. శనివారం మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి సూర్యనారాయణగారు ఫోన్ చేశారు. "బాబు పాలు తాగుతున్నాడండీ. కళ్ళు తెల్లబడుతున్నాయి" అన్నారు.

మీ పనిలో ఇక్కడినుంచి తీసుకోవలసింది చెబుతాను. ఆ తర్వాత మా యూనిట్లో కలరా ఉండలు అడుగు పెట్టలేదు. ఎండబెట్టిన వేపాకు గుడ్డ మూటల్లో కట్టి పెట్టెల మూలల్లో ఉంచాం, నెలకోసారి పెట్టెలు తీసి గాలికి ఆరబెట్టాం. కొన్ని సెట్లకి పురుగు పట్టింది. పట్టనీ. ప్రతి సెట్టుతోనూ "ఉతికి తొడగండి" అని తెలుగులో చీటీ పెట్టాం. కొందరు కొట్టువాళ్ళు అది చూస్తే సరుకు పాతదనుకుంటారని చీటీలు తీసేసేవారు. వాళ్ళకి సరుకు ఆపేశాం. మీరు ఎక్కడ చేరినా, పెట్టె తెరిచినప్పుడు ముందు ముక్కుతో చెకింగ్ చేయండి. తర్వాత కన్ను, తర్వాత వేలు.

ఆదివారం ఉదయం పెదవేగి వైపు ఆ చిన్న గుడి దగ్గరికి వెళ్ళాను. యేసురత్నం కొత్త లుంగీ, ఇస్త్రీ చొక్కాతో ఎదురొచ్చాడు. నా చేతిలో పొట్లం చూసి పోల్చుకుని, "స్వెట్టరాయన వచ్చారే" అని భార్యని కేకేశాడు. దీనమ్మ బిడ్డతో వచ్చింది. బిడ్డ ఒంటి మీద పాతబట్టతో కుట్టిన చిన్న చొక్కా ఉంది. ఎవరిదో గళ్ళ చొక్కా ముక్క, ఉతికి ఉతికి రంగు వెలిసిపోయింది.

నేను సెట్టు ఇచ్చాను. ఆమె బిడ్డని భర్త చేతికిచ్చి, సెట్టుని రెండు చేతులతో తీసుకుని ముఖానికి ఆనించుకుని వాసన చూసింది. తిరగేసి మళ్ళీ చూసింది. అత్తకి ఇచ్చింది. సువార్తమ్మ కూడా చూసి, "ఏ వాసనా లేదు" అంది.

"రెండుసార్లు ఉతికానమ్మా. నేనే ఎండేశాను. ఇప్పుడే తొడగొచ్చు" అన్నాను.

"చాలా బాగుందండీ" అంది దీనమ్మ. "కానీ ఇవాళ తొడగనండీ. ఏమనుకోకండి. నా చేత్తో ఒకసారి ఉతుక్కుని, నా ఎండలో ఆరేసుకుని అప్పుడు తొడుగుతాను."

"ఒసేయ్, అంత దూరం నుంచి తెచ్చిన పెద్దాయన..." అన్నాడు యేసురత్నం, ఇబ్బందిపడి.

నాకు ఒక్క క్షణం ముఖం వేడెక్కింది. నా చేతి పనిని, నా మాటని కాదంటోంది. తర్వాత ఆలోచిస్తే ఆమెకి వేరే దారి లేదు. నేను ఎవరినని నా మాట మీద బిడ్డని పెట్టాలి? నా మాట మీద బిడ్డని పెట్టిన ఇల్లు ఏమైందో నేను చూసి వచ్చాను.

"అనకండి. ఆమె చేసిందే సరైన పని" అన్నాను అతనితో.

దీనమ్మ గుడి పక్కన పంపు దగ్గర ఆ జుబ్బాని, టోపీని, మేజోళ్ళని తడిపి, సబ్బు రుద్ది, పిండి, గోడకి కట్టిన తీగ మీద ఆరేసింది. లోపల పాటలు మొదలయ్యాయి. పాత గళ్ళ చొక్కాతోనే బిడ్డని ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. నన్ను కూడా రమ్మంది సువార్తమ్మ. "ఇక్కడే ఉంటానమ్మా. గాలికి ఎగిరి మట్టిలో పడకుండా చూస్తాను" అన్నాను.

ప్రార్థన అయ్యేదాకా ఆ తీగ పక్కనే నిలబడ్డాను. ఎండ ఎక్కేకొద్దీ జుబ్బా ఆరుతూ తేలికయ్యి ఊగడం మొదలుపెట్టింది. ఒకసారి గాలికి జారబోతే పట్టుకుని, దులిపి, లోపలి వైపు ఎండకి ఉండేలా మళ్ళీ తీగ మీద వేశాను.